గోదాలో గడియారం

మన విమర్శ పరిభాషలో కుస్తీ మాటలు చాలా ఉన్నాయి. వాదానికి సిద్ధపడినవాణ్ణి గోదాలోకి దిగాడంటాం. ఓడినవాడు చిత్తయ్యాడంటాం. వస్తువు మీద రచయితకు పట్టు ఉందంటాం, కథనం ఉడుంపట్టు పట్టిందంటాం, సిద్ధాంత చర్చలో పట్టూ విడుపూ ఉండాలని పెద్దలు హితవు చెబుతారు. ఇన్ని మాటలు అరువు తెచ్చుకున్న మనం, అరువిచ్చిన కుస్తీ వైపు తిరిగి చూసింది మాత్రం తక్కువ. అది కండల వ్యవహారం, మనది బుద్ధి వ్యవహారం అనే పాత కులీన భావం ఇందులో ఎంతో కొంత ఉందనే నా అనుమానం.

నేను కుస్తీ చరిత్ర వైపు పోవడానికి కారణం సాహిత్యమే. కథ చిన్నదైతే బిగువుగా ఉంటుంది, పెద్దదైతే సడలిపోతుంది అనే మాట కథల పోటీల నిబంధనల్లోనూ, సంపాదకుల ఉత్తరాల్లోనూ, చివరికి మా విద్యార్థుల నోళ్ళలోనూ ఒక స్వతస్సిద్ధ సత్యంలా చలామణీ అవుతున్నది. ఉత్కంఠ నిడివిని బట్టి ఉంటుందా? లేక నిడివికి వెనుక ఉండే మరో ఏర్పాటును బట్టి ఉంటుందా? సాహిత్యంలో ఈ ప్రశ్నకు జవాబు తేల్చడం కష్టం, ఎందుకంటే అక్కడ ఎవరి కొలబద్ద వారిది. కుస్తీలో అలా కాదు. అక్కడ నిడివిని గడియారం కొలుస్తుంది, నియమాలు కాగితం మీద ఉంటాయి, ఫలితం అందరి కళ్ళ ముందూ తేలుతుంది. పైగా గత నూరేళ్ళకు పైగా ఆ నిడివినీ ఆ నియమాలనూ ఎన్నోసార్లు మార్చి చూశారు. ఇంతకంటె మంచి ప్రయోగశాల మనకు దొరకదు.

ముందుగా గడియారం లేని కాలం సంగతి. ప్రాచీన గ్రీసు ఒలింపిక్ కుస్తీలో ప్రత్యర్థిని మూడుసార్లు పడగొట్టినవాడు గెలిచినట్టు. కాలపరిమితి లేదు, బరువు తరగతులూ లేవు. మన భారతంలో భీమ జరాసంధుల పోరు రోజుల తరబడి సాగుతుంది. అయితే నన్ను ఎప్పుడూ ఆపేసే ఘట్టం అది కాదు, విరాటపర్వంలోది. విరాటుడి కొలువులో వంటవాడిగా ఉన్న భీముడు జీమూతుడనే మల్లుణ్ణి ఓడిస్తాడు. ఆ తర్వాత అతనికి సాటి వచ్చే మనిషి అక్కడ లేకపోయేసరికి రాజు అతన్ని పులులతో, సింహాలతో, ఏనుగులతో పోరాడించి అంతఃపుర స్త్రీలకు వినోదం కల్పిస్తాడు. ఈ ఘట్టాన్ని తరగతిలో వీరరస ప్రకరణంగా చెప్పి వదిలేస్తాం. కానీ చూసేవాడి ఉత్కంఠ కోసం పోరాడేవాడి నియమాలు ఎట్లా మారతాయో ఇంత సూటిగా చెప్పిన చోటు ప్రాచీన సాహిత్యంలో మరొకటి నాకు కనబడలేదు. ఎదురు నిలిచే మనిషి లేడు కనుక ఆట ఆగిపోవాలి. ఆగలేదు, ఎందుకంటే ఆట భీముడిది కాదు, విరాటుడిది.

రాజాస్థానాల కుస్తీ అంతా ఈ పద్ధతిలోదే. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసం మల్లయుద్ధాన్ని రాజుగారి వినోదాల్లో ఒకటిగా లెక్కగట్టి వర్ణించింది. మన 'జెట్టి' ఆ ఆస్థానాల పోషణలో పెరిగినవాడే. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, మహర్నవమి ఉత్సవాల్లో మల్లుల పోట్లు పళ్ళు రాలేంతగా, ముఖాలు వికృతమయ్యేంతగా ఉండేవని రాశాడు. ఆ సంప్రదాయపు అవశేషం మైసూరు దసరాలో వజ్రముష్టిగా మిగిలింది. విజయదశమి నాడు జెట్టి వంశీకులు చేతికి ముష్టి ఆయుధం తొడుక్కుని తలపడతారు. తల మీద మొదటి నెత్తురు చుక్క కనబడగానే పోరు ముగిసినట్టు. చాలాసార్లు నిమిషమైనా పట్టదు. అంటే పొట్టి పోటీ అనేది టెలివిజన్ కనిపెట్టినదేమీ కాదు. ఇక్కడ గడియారం పని నెత్తురు చేస్తున్నది.

ఇక ఆధునిక యుగానికి వస్తే, నిడివి చర్చ ఎవరు ఎత్తినా 1912 స్టాక్‌హోం దగ్గర ఆగక తప్పదు. ఆ ఒలింపిక్స్‌లో గ్రీకో-రోమన్ మధ్యమ బరువు తరగతిలో మార్టిన్ క్లైన్, ఆల్ఫ్రెడ్ అసికైనెన్ తలపడ్డారు. గ్రీకో-రోమన్ అంటే నడుముకు దిగువన పట్టు పట్టకూడదు, కాళ్ళతో మెలిక వేయకూడదు. ఆరుబయట ఎండలో మొదలైన ఆ పోటీ, మధ్య మధ్య చిన్న విరామాలతో, 11 గంటల 40 నిమిషాలు సాగింది. చివరికి క్లైన్ ప్రత్యర్థిని చిత్తు చేశాడు. కానీ ఫైనల్లో దిగడానికి అతనిలో ఓపిక మిగల్లేదు. దాంతో స్వీడన్‌కు చెందిన క్లేస్ యొహాన్సన్ స్వర్ణం అందుకున్నాడు, క్లైన్‌కు రజతం దక్కింది. అదే ఒలింపిక్స్‌లో మరో బరువు తరగతి ఫైనల్లో ఆండెర్స్ ఆల్‌గ్రెన్, ఇవార్ బోలింగ్ 9 గంటలు పెనుగులాడినా తేలలేదు. ఓడించినవాడు లేడు కనుక విజేత లేడన్నారు. ఇద్దరికీ రజతమే ఇచ్చి స్వర్ణం ఎవరికీ ఇవ్వలేదు.

క్రీడా గ్రంథాల్లో ఈ రెండు పోటీలను వింతలుగా చెప్పి నవ్వుకోవడం అలవాటు. నాకు అందులో నవ్వు రాదు. క్లైన్ ఎస్టోనియావాడు, జారు రష్యా తరఫున దిగాడు. అసికైనెన్ ఫిన్లండువాడు, అప్పటికి ఫిన్లండు కూడా జారు ఏలుబడిలోనే ఉంది. ఒకే సామ్రాజ్యం కింద నలుగుతున్న రెండు చిన్న జాతుల మనుషులు పదకొండు గంటలు ఒకరినొకరు పిండుకున్నారు, స్వర్ణం మూడోవాడు పట్టుకుపోయాడు. ఈ దృశ్యానికి నిడివి ఎక్కువైందని ఎవరైనా అంటే, ఎవరికి ఎక్కువైంది అని అడగాలనిపిస్తుంది. క్లైన్‌కు ఎక్కువైంది, నిజమే. అతని శరీరమే దానికి సాక్ష్యం. చూసేవాళ్ళకు ఎక్కువైందా అంటే, అంతసేపూ అక్కడ కూర్చున్నవాళ్ళకు చివరి క్షణం ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అయితే ఇక్కడ ఒక విషయం విడదీసి చూడాలి. ఆ పోటీని అంతసేపు సాగదీసింది కాలపరిమితి లేకపోవడం ఒక్కటే కాదు. వీపు నేలకు తాకిస్తే తప్ప గెలుపు కాదనే నియమం. మధ్యలో చేసిన ఏ పనికీ విలువ లేదు. పడగొట్టినా లెక్క లేదు, పైచేయి సాధించినా లెక్క లేదు. ఓడకుండా ఉండడమే చాలు. గెలవాలనుకున్నవాడు సాహసం చేయాలి, సాహసం చేసినవాడు తూకం తప్పుతాడు, కాబట్టి ఎవరూ సాహసం చేయరు. కాలం అనంతంగా ఉండి, నియమం కూడా ఓర్పుకే బహుమతి ఇస్తే ఆ పోటీ సాగుతుంది తప్ప నడవదు.

ఈ మాటకు రుజువు 1910 నాటి లండన్ ఉదంతం. అఖాడాల్లో తయారైన గామా పహిల్వాన్ (మనవైపు పల్లెల్లో కూడా బలశాలిని వెటకారంగానో మెప్పుగానో 'గామా' అనేవారు) ఆ ఏడాది సెప్టెంబరు 10న పోలండ్‌కు చెందిన స్టానిస్లాస్ జబిష్కోతో తలపడ్డాడు. బహుమతి 250 పౌన్లు, జాన్ బుల్ బెల్టు. జబిష్కో తక్కువవాడేం కాదు. గామా ఎత్తు తక్కువ, వేగం ఎక్కువ. మొదటి నిమిషాల్లోనే గామా అతన్ని కిందికి తెచ్చాడు. ఆ తర్వాత జబిష్కో చేసిన పని ఏమిటంటే బోర్లా పడుకోవడం. రెండున్నర గంటల పైచిలుకు సమయంలో చాలా భాగం అతను చాపను కరుచుకుని పడుకునే ఉన్నాడు. నియమం దాన్ని తప్పు అనలేదు. వీపు తగలలేదు కనుక ఓటమి లేదు. చీకటి పడింది, పోటీ తేలకుండా ఆగింది. సెప్టెంబరు 17న మళ్ళీ తలపడాలని నిర్ణయిస్తే ఆ రోజు జబిష్కో రానే లేదు. బెల్టు గామాకు ఇచ్చేశారు.

అదే ఇద్దరు 1928 జనవరిలో పాటియాలాలో మళ్ళీ కలుసుకున్నారు. ఈసారి చాప లేదు, మట్టి గోదా. మహారాజా భూపీందర్ సింగ్ ఏర్పాట్లు, లెక్కకు మిక్కిలి జనం. జబిష్కో ఒక నిమిషంలోపే చిత్తయ్యాడు. ఈ రెండు పోటీల్లో ఏది ఉత్కంఠ కలిగించింది? లండన్ ప్రేక్షకుడు రెండున్నర గంటలు విసుక్కున్నాడు. పాటియాలా ప్రేక్షకుడు సర్దుకుని కూర్చునే లోపే అయిపోయింది. నిడివి సిద్ధాంతం ప్రకారం రెండోది గొప్పది కావాలి. కానీ పాటియాలాలో ఆ నిమిషానికి అంత బలం ఎక్కడినుంచి వచ్చింది? ఆ నిమిషం వెనుక పద్దెనిమిదేళ్ళు ఉన్నాయి. తేల్చకుండా తప్పించుకున్న తెల్లవాడి లెక్క తేలడం కోసం వలస దేశపు ప్రజ ఎదురుచూసిన కాలం ఉంది. ఉత్కంఠ పోటీ లోపల మాత్రమే తయారవుతుందనుకునేవారు దీన్ని గమనించాలి. (ఇద్దరికీ అప్పటికి యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయన్నది కూడా మరవకూడదు. జాతీయవాద కథనాలు సాధారణంగా ఈ సంగతి దాటేస్తాయి.)

మన ప్రాంతంలో ఇదే కాలంలో కోడి రామమూర్తి నాయుడు ఉన్నాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం, కార్లను గొలుసులతో ఆపడం వంటి విన్యాసాలతో కలియుగ భీముడని పేరు తెచ్చుకున్నాడు, సర్కస్ నడిపాడు. అది కుస్తీ కాదు, బలప్రదర్శన. అక్కడ ఎదుటి మనిషి లేడు, కనుక ఎంతసేపు పడుతుందో ప్రదర్శకుడికి ముందే తెలుసు. టికెట్టు కొన్న జనానికి కావలసింది ఈ ముందే తెలియడమే. ఆ సంగతిని అమెరికా కుస్తీ వ్యాపారులు మనకంటె బాగా కనిపెట్టారు.

1916 జులై 4న నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో జో స్టెకర్, ఎడ్ లూయిస్ తలపడ్డారు. అది దాదాపు 5 గంటలు సాగి తేలకుండా ముగిసింది. డబ్బు పెట్టి వచ్చిన జనానికి దక్కింది రెండు బలమైన శరీరాలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడటం. ఇద్దరూ సమర్థులు, ఇద్దరూ జాగ్రత్తపరులు. నిజమైన కుస్తీ నిజంగా ఎంత విసుగు పుట్టించగలదో చెప్పడానికి ఇది చాలు. తర్వాత కొన్నేళ్ళకు ఈ లూయిసే తన మేనేజరు బిల్లీ శాండో, టూట్స్ మాంట్ అనే మరో మల్లుడితో కలిసి కుస్తీని కొత్త సరుకుగా తయారుచేశాడు. కాలపరిమితి పెట్టారు. వేగంగా కనిపించే పట్లు, విసుర్లు, గుద్దులు కలిపారు. ఒకే జట్టు మల్లుల్ని ఊరూరా తిప్పారు. ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టారు. ఒప్పందపు కుస్తీలు అంతకు ముందు లేవని కాదు, పందేలు ఉన్నంతకాలంగా ఉన్నాయి. కానీ అంతకు ముందు అది మోసం. ఇప్పుడు అది వ్యాపార పద్ధతి.

ఇది రచయితలు ఆగి చూడవలసిన చోటు. నిజమైన పోటీ విసుగు పుట్టించినప్పుడు దాన్ని ఆకర్షణీయం చేయడానికి రెండే దారులు. ఒకటి, నియమాలు మార్చి పోటీదారుణ్ణి సాహసానికి నెట్టడం. రెండు, ఫలితాన్ని ముందే రాసి పోటీని నటింపజేయడం. ఒలింపిక్ కుస్తీ మొదటి దారి పట్టింది, వ్యాపార కుస్తీ రెండో దారి పట్టింది. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ 1957లో వచ్చిన తన 'మిథాలజీస్' సంపుటంలో ఈ రెండో రకం కుస్తీని గొప్పగా విశ్లేషించాడు. అది క్రీడ కాదనీ, రంగస్థల దృశ్యమనీ, అది ఒప్పందమా కాదా అన్నది ప్రేక్షకుడికి పట్టదనీ, అతనికి కావలసింది బాధ, ఓటమి, న్యాయం అనేవాటి స్పష్టమైన ముద్రలనీ అతని వాదం. పారిస్ శివార్లలోని చవక హాళ్ళలో జనం మధ్య కూర్చుని, ఆ జనాన్ని వెటకారం చేయకుండా రాసిన వ్యాసం అది. అందుకు అతన్ని గౌరవించాలి. కానీ దుర్మార్గుడు చివరికి శిక్ష పొందాలనే జనం కోరికను ఎవరు రాస్తున్నారు, ఎవరికి అమ్ముతున్నారు అన్న ప్రశ్న అతను వేసుకోలేదు. న్యాయం జరిగినట్టు నటించే దృశ్యం వారం వారం దొరికితే, జరగని న్యాయం సంగతి ఎవరికి గుర్తుంటుంది? మన వారపత్రికల సీరియల్ నవల కూడా ఈ దారిలోనే నడిచింది. ప్రతి వారం చివర ఒక గండం, మరుసటి వారం మొదట్లోనే ఆ గండం గడవడం. అది ఉత్కంఠ కాదు, ఉత్కంఠ నటన.

మొదటి దారి సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది. దాన్ని చెప్పేముందు జపాను సుమో నుంచి ఒక చిన్న ఉదాహరణ. సుమోలో అసలు పోరు కొద్ది సెకన్లే. కానీ ఇద్దరు మల్లులూ ఎదురెదురుగా వంగి, చూసుకుని, లేచి, ఉప్పు చల్లి, మళ్ళీ వంగే సన్నాహం ఒకప్పుడు వాళ్ళ ఇష్టం వచ్చినంతసేపు సాగేది. ఇద్దరి ఊపిరీ ఒక్కటైనప్పుడే తలపడేవారు. 1928లో రేడియో ప్రసారం మొదలైంది. ప్రసారానికి వేళ ఉంటుంది గదా! పై తరగతి మల్లుల సన్నాహానికి 10 నిమిషాల గడువు పెట్టారు. తర్వాత తగ్గించుకుంటూ వచ్చి ఇప్పుడు 4 నిమిషాలు చేశారు. పోరు నిడివి మారలేదు, ఎదురుచూపు నిడివి మారింది. నాకు ఇది మన వీధినాటకం, బుర్రకథ రేడియోకు ఎక్కినప్పటి సంగతిని గుర్తుచేస్తుంది. తెల్లవార్లూ సాగే ఆటలో జనం మధ్యలో కునుకు తీసి లేచేవారు, పిల్లలకు పాలిచ్చేవారు, కీలక ఘట్టానికి ఎవరో తట్టి లేపేవారు. అది ఊరి కాలం. అరగంట ప్రసారంలోకి వచ్చేసరికి కీలక ఘట్టాలు మిగిలాయి, తట్టి లేపే మనిషి పోయాడు.

స్టాక్‌హోం తర్వాత ఒలింపిక్ కుస్తీలో కాలపరిమితి, పాయింట్లు, న్యాయనిర్ణేతల తీర్పు స్థిరపడ్డాయి. 1952 హెల్సింకీ నాటికి పోటీ 15 నిమిషాలు. 1972లో మూడేసి నిమిషాల మూడు ఘట్టాలు, అంటే 9 నిమిషాలు. 1984 నాటికి మూడేసి నిమిషాల రెండు ఘట్టాలు. 1992 బార్సిలోనాలో 5 నిమిషాల ఒకే ఘట్టం. అంటే క్లైన్ రోజంతా చేసిన పని ఇప్పుడు మన పాఠశాలలో హాజరు పిలిచినంతసేపట్లో తేలిపోవాలి. కాలం తగ్గినకొద్దీ చిత్తు చేసే అవకాశం తగ్గుతుంది, సమానంగా ముగిసే పోటీలు పెరుగుతాయి. సమానమైతే తేల్చే కొలత కావాలి. ఆ కొలత కోసం ఇంకో నియమం, ఆ నియమాన్ని వాడుకుని తప్పించుకునేవాడి కోసం మరో నియమం. చివరికి గోదాలో ఏం జరుగుతున్నదో పక్క ఊరి పహిల్వానుకు కూడా అర్థం కాని స్థితి వచ్చింది.

2000 సెప్టెంబరులో సిడ్నీలో అలెగ్జాండర్ కరేలిన్ ఓడిన తీరు దీనికి ఉదాహరణ. పదమూడేళ్ళుగా అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరగని మనిషి, సైబీరియా నుంచి వచ్చిన పర్వతం. ఎదుట అమెరికాకు చెందిన రూలన్ గార్డ్నర్ అనే దాదాపు అనామకుడు. పాయింట్లు రాకపోవడంతో నియమం ప్రకారం ఇద్దరినీ ఛాతీకి ఛాతీ ఆనించి బిగి పట్టు పట్టించారు. ఎవరి చేతుల ముడి ముందు విడితే వారికి నష్టం. కరేలిన్ వేళ్ళు విడిపోయాయి. ఒక పాయింటు. పోటీ 1-0తో ముగిసింది. ప్రపంచ కుస్తీ చరిత్రలో అతిపెద్ద సంచలనం, కానీ దానికి కారణమైన క్షణాన్ని చూసిన ప్రేక్షకులు ఎందరు? సంచలనం ఫలితంలో ఉంది, దృశ్యంలో లేదు.

2005 నుంచి ఇంకా విచిత్రమైన ఏర్పాటు నడిచింది. రెండేసి నిమిషాల మూడు ఘట్టాలు, రెండు గెలిచినవాడు విజేత. ఒక ఘట్టంలో సంపాదించిన పాయింట్లు ఆ ఘట్టంతోనే సరి. రెండు నిమిషాలు సున్నా సున్నాగా ముగిస్తే న్యాయనిర్ణేత సంచిలో చేయి పెట్టి రంగు బంతి తీస్తాడు. ఆ రంగువాడికి ప్రత్యర్థి కాలు పట్టుకుని మొదలుపెట్టే అవకాశం. కాలు దొరికినవాడే చాలాసార్లు గెలుస్తాడు. సంవత్సరాల సాధన సంచిలోని బంతి మీద ఆధారపడింది! ఘట్టాలు పొట్టివైతే ముగింపులు ఎక్కువవుతాయి, ముగింపులు ఎక్కువైతే ఉత్కంఠ పెరుగుతుందని లెక్క వేశారు. జరిగింది వేరు. మల్లులు రెండు నిమిషాలు నెట్టుకుంటూ గడిపి బంతి కోసం ఎదురుచూశారు. చిన్నదంతా బిగువైనది కాదు అనడానికి ఇంతకంటె రుజువు అక్కరలేదు.

2013 ఫిబ్రవరి 12న అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం కార్యవర్గం 2020 నుంచి కుస్తీని ఒలింపిక్స్ నుంచి తొలగించాలని సిఫారసు చేసింది. టికెట్ల అమ్మకం, టెలివిజన్ ఆదరణ కూడా వాళ్ళ కొలబద్దల్లో ఉన్నాయి. కుస్తీ సమాఖ్య అధ్యక్షుడు మారాడు. ఒకరి మొహం ఒకరు చూడని ఇరాన్, అమెరికా ప్రభుత్వాల మల్లులు రష్యావారితో కలిసి ఆ మే నెలలో న్యూయార్కు రైల్వే స్టేషన్లో చాప పరిచి ప్రదర్శన పోటీలు ఆడారు. నియమాలు మార్చారు. సెప్టెంబరులో కుస్తీ మళ్ళీ చోటు సంపాదించుకుంది. ఆ మార్పులేమిటో గమనించండి. బంతి సంచి పోయింది. మూడేసి నిమిషాల రెండు ఘట్టాలు వచ్చాయి, పాయింట్లు మొదటినుంచి చివరిదాకా కలిపి లెక్కిస్తారు. పడగొడితే ఒకటి కాక రెండు పాయింట్లు. వెనక్కి తగ్గుతూ కాలం గడిపేవాణ్ణి ముందు హెచ్చరించి, గడువులోగా పాయింటు తేకపోతే ఎదుటివాడికి పాయింటు ఇస్తారు.

రెండేసి నిమిషాలు మూడుసార్లయితే ఆరు. మూడేసి నిమిషాలు రెండుసార్లయినా ఆరే. గరిష్ఠ నిడివిలో ఒక్క సెకను తేడా లేదు! కానీ ఆట మారిపోయింది. మారింది కాలం కాదు, జరిగినదాన్ని లెక్కలో ఉంచుకునే పద్ధతి. ముందు పద్ధతిలో ప్రతి ఘట్టమూ వెనుకటిదాన్ని తుడిచేసేది. కొత్త పద్ధతిలో మొదటి నిమిషంలో చేసిన సాహసం చివరి నిమిషందాకా విలువ నిలుపుకుంటుంది, వెనకబడ్డవాడికి చివరి సెకనుదాకా దారి తెరిచి ఉంటుంది. 2016లో రియోలో సాక్షి మాలిక్ కాంస్య పోరు దీనికి పాఠం లాంటిది. మొదటి ఘట్టంలో 0-5. ఎదుట కిర్గిజ్‌స్తాన్ క్రీడాకారిణి. పాత పద్ధతిలో ఆమె ఒక ఘట్టం కోల్పోయి సున్నా నుంచి మొదలుపెట్టేది. ఇక్కడ ఆ అయిదు పాయింట్ల బరువు వీపున మోస్తూ ఒక్కొక్కటే దించుకుంటూ వచ్చి, చివరి సెకన్లలో ముందుకు దూకి 8-5తో గెలిచింది. ఓడిపోతున్నామన్న జ్ఞాపకం చెరిగిపోకపోవడమే ఆ పోటీకి ఉత్కంఠ ఇచ్చింది. అసలామె కాంస్య పోరుకు రాగలగడం కూడా ఒక నియమం పుణ్యమే. తనను ఓడించిన మనిషి ఫైనల్ చేరితే ఓడినవారికి రెండో అవకాశం ఇచ్చే నియమం అది.

మన పల్లెల చెడుగుడు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, అందులోనూ చివరికి జరిగేది పట్టే గనుక. కూతకు వెళ్ళినవాడికి గడియారం అతని ఊపిరే. ఊపిరి ఎంత ఉంటే కూత అంత. ఇప్పటి పోటీ కబడ్డీలో కూతకు 30 సెకన్ల గడువు పెట్టారు, 2014లో మొదలైన ప్రొ కబడ్డీలో రెండు కూతలు వృథా అయితే మూడోది చావో రేవో. మొదటి మార్పు ఊపిరి తీసుకుపోయి గడియారం చేతికిచ్చింది, అది నాకు నచ్చదు. రెండోది మంచి నియమం. తప్పించుకు తిరగడాన్ని మూడోసారికి అసాధ్యం చేసింది. వ్యాపారం తెచ్చిన మార్పు అయినంత మాత్రాన చెడ్డదనడం తొందరపాటే అవుతుంది.

నియమం కాగితం మీద ఉండటం వేరు, దాన్ని అమలు చేయించే బలం ఉండటం వేరు. కొల్హాపూర్ మట్టిలో తయారైన ఖాశాబా జాధవ్ 1952లో హెల్సింకీ వెళ్ళడానికి తాను చదివిన కాలేజీ ప్రిన్సిపాలు ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చిందని చెబుతారు. అక్కడ జపాను మల్లుడితో సుదీర్ఘంగా పోరాడి ఓడిన వెంటనే సోవియట్ మల్లుడితో తలపడమన్నారని, రెండు పోటీల మధ్య అరగంట విశ్రాంతి ఉండాలనే నియమాన్ని గుర్తుచేయడానికి భారత అధికారి ఒక్కరూ పక్కన లేరని మన క్రీడాచరిత్రలో చెప్పుకుంటూ వచ్చిన కథనం. అతను కాంస్యంతో వచ్చాడు. స్వతంత్ర భారతదేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం అది. ఆ అరగంటను నేను స్టాక్‌హోం పదకొండు గంటల పక్కన పెట్టి చూస్తాను. పోటీ నిడివి గురించి మాట్లాడే నిపుణులు పోటీకీ పోటీకీ మధ్య నిడివి గురించి మాట్లాడరు. ప్రేక్షకుడికి కనబడని కాలం అది.

కనబడని కాలం ఇప్పుడు మరీ పెరిగింది. 2024 ఆగస్టు 6న పారిస్‌లో 50 కిలోల తరగతిలో వినేశ్ ఫోగట్ జపానుకు చెందిన యుయి సుసాకిని ఎదుర్కొంది. అంతర్జాతీయ పోటీల్లో సుసాకి అంతకు ముందు ఓడలేదు. వినేశ్ ఎదురుదాడికి తొందరపడలేదు, రక్షణలో ఉండి 0-2తో వెనకబడింది. ఆ రెండు పాయింట్లూ చొరవ చూపలేదని ఆమెకు పడిన శిక్షలే. చివరి సెకన్లు మిగిలి ఉండగా ఒక్క పట్టుతో సుసాకిని పడగొట్టింది. జపాను బృందం అభ్యంతరం చెప్పి నెగ్గలేదు, అందుకు మరో పాయింటు వచ్చింది. 3-2. పైన చెప్పిన కొత్త నియమాల సారమంతా ఆ ఆరు నిమిషాల్లో ఉంది. ఆ రోజే మరో రెండు పోటీలు గెలిచి ఫైనల్ చేరింది. పోటీలు రెండు రోజులు సాగుతాయి గనుక రెండో రోజు ఉదయం కూడా బరువు తూచాలని నియమం. రాత్రంతా ఆహారం లేకుండా, నీళ్ళు లేకుండా, పరుగులతో, ఆవిరితో ఒళ్ళు కరిగించినా ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ తేలింది. అనర్హురాలన్నారు, చివరి స్థానం ఇచ్చారు. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆగస్టు 14న ఆమె అప్పీలును తోసిపుచ్చింది.

మల్లులు తమ సహజ బరువుకంటె తక్కువ తరగతిలో దిగడం కోసం ఒళ్ళు ఎండగట్టుకోకుండా చూడడానికే ఈ తూకపు నియమం అని సమాఖ్య సమర్థన. ఉద్దేశాన్ని శంకించను. కానీ పగలు ఆరు నిమిషాల పోటీని కోట్లమంది చూశారు. రాత్రి జరిగిన పోటీకి పన్నెండు గంటలు పట్టింది, దాదాపు క్లైన్ పోటీ అంత. దానికి చాప లేదు, న్యాయనిర్ణేత లేడు, టికెట్టు లేదు.